కారును ఎక్కడ పట్టి ఎత్తాలి?

కార్తిక పౌర్ణమినాటి ఉదయం మైపాడు సముద్రతీరాన్ని మీలో ఎంతమంది చూశారు? నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరం. ఇంకా చీకటి ఉండగానే బస్సులు, ఆటోలు, కార్లు బారులు తీరి వస్తాయి. సముద్రస్నానానికి వచ్చినవాళ్ళు రోడ్డు వారగా ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ, ఇసుకలోనే, బండ్లు నిలుపుతారు. కొన్నేళ్ళ కిందట అలాంటి ఒక ఉదయం అక్కడ నేను చూసిన సంగతి ముందు చెబుతాను. దాని వెనుక ఉన్న విజ్ఞానం తరువాత చూద్దాం.

ఒక అద్దె కారుకు వెనుక ఎడమ చక్రం పంచరయింది. డ్రైవరు పాతికేళ్ళ లోపు కుర్రవాడు. డిక్కీలోంచి జాకీ తీసి, ఒంగి, కారు కింద చేతితో తడిమి, ఎక్కడ చదునుగా తగిలితే అక్కడ జాకీని నిలబెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. కాసేపటికి డబ్బున శబ్దం వచ్చింది. కారు లేవలేదు. కారు అడుగు రేకే చిప్పలాగా లోపలికి సొట్టపోయింది. జాకీని కాస్త బయటికి లాగి మళ్ళీ తిప్పాడు. ఈసారి కారు లేస్తున్నట్టే కనిపించింది గాని, ఎంత తిప్పినా చక్రం నేలను వదలదు. కారు లేచే బదులు జాకీయే ఇసుకలోకి దిగబడుతున్నది! చివరికి ఎట్లాగో చక్రం బెత్తెడు లేచింది. నట్లు విప్పసాగాడు. ఒక నట్టు చేయిజారి కారు కిందికి దొర్లింది. కారులో వచ్చినవాళ్ళ అబ్బాయి, మీ ఈడువాడే, బోర్లా పడుకుని, భుజాల దాకా కారు కిందికి దూరి, దాన్ని అందుకుని బయటికి వచ్చాడు. వాడు లేచి చేతుల ఇసుక దులుపుకుంటుండగా కారు జానెడు ముందుకు కదిలింది. జాకీ పక్కకు ఒరిగింది. కారు దభీమని కింద పడింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాని ఆ అబ్బాయి తల్లి ముఖం నాకు ఇప్పటికీ గుర్తున్నది.

ఆ ఉదయం తప్పు మూడు చోట్ల జరిగింది: జాకీ తల ఆనిన చోట, జాకీ పాదం నిలిచిన చోట, కారు దొర్లకుండా ఆపవలసిన చోట. ఈ మూడింటికీ కారణాలు మీ భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉన్నాయి.

స్కేలు చెప్పే రహస్యం

కారును బయటినుంచి చూస్తే గట్టి ఇనుప పెట్టెలాగా కనిపిస్తుంది. నిజానికి దాని రేకు చాలాచోట్ల ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. ఒక మామూలు కారు బరువు 1000 కిలోలు అనుకుందాం. అందులో నలుగురు మనుషులు, వాళ్ళ సామాను. ఇంత పలచని రేకు ఇంత బరువును ఎలా మోస్తున్నది?

మీ జామెట్రీ పెట్టెలో ఉన్న ప్లాస్టిక్ స్కేలును తీసుకోండి. రెండు పుస్తకాల మధ్య వంతెనలాగా పడుకోబెట్టి, మధ్యలో వేలితో నొక్కండి. సులభంగా వంగుతుంది. ఇప్పుడు అదే స్కేలును అంచు మీద నిలబెట్టి, పక్కకు పడిపోకుండా పట్టుకుని నొక్కండి. వంగదు. ప్లాస్టిక్ మారలేదు, దాని బరువూ మారలేదు. మారినదల్లా బలం పడే దిక్కున దాని లోతు. ఒక దూలం వంపును ఎదిరించే శక్తి దాని వెడల్పును బట్టి మామూలుగా పెరుగుతుంది గాని, లోతును బట్టి ఘనంగా పెరుగుతుంది. స్కేలు వెడల్పు 30 మిల్లీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు అనుకోండి. పడుకోబెట్టినప్పుడు 30 ను 3 ఘనంతో గుణించాలి: 810. నిలబెట్టినప్పుడు 3 ను 30 ఘనంతో గుణించాలి: 81,000. అంటే వంద రెట్లు! మన మేస్త్రీలు దూలాన్ని ఎప్పుడూ అంచు మీద నిలబెట్టే వేస్తారు, గమనించండి.

ఇంకొక పరీక్ష. బిస్కెట్లు వచ్చే రేకు డబ్బా మూత మధ్యలో బొటనవేలితో నొక్కండి. టక్కుమని లోపలికి పోతుంది, వదిలితే టక్కుమని పైకి వస్తుంది. ఇప్పుడు మూత అంచును, రేకును మడిచిన చోట, నొక్కండి. కదలదు. మధ్యలోనూ అంచునా ఉన్నది అదే రేకు. మడత పడడంవల్ల అంచుకు లోతు వచ్చింది, బలం వచ్చింది.

మైపాడులో ఆ డ్రైవరు కారును డబ్బా మూత మధ్యలో పట్టి ఎత్తబోయాడు. అంచు దగ్గర పట్టవలసింది.

కారుకు ఆ అంచు ఎక్కడ ఉంటుంది? తలుపు తెరిచి కారు ఎక్కేటప్పుడు మనం ఒక గడప దాటి కాలు లోపల పెడతాం. ముందు చక్రం వెనుకనుంచి వెనుక చక్రం ముందుదాకా పొడుగునా సాగే ఆ గడప లోపల బోలుగా ఉండే ఒక పొడవాటి పెట్టె. దాని కింది భాగాన, రెండు మూడు రేకులను ఒకదానితో ఒకటి చేర్చి చుక్కచుక్కగా వెల్డింగు చేసిన అతుకు ఒకటి నిలువుగా కిందికి దిగి ఉంటుంది. వేలు పెడితే అంగుళం లోపు అంచులాగా తగులుతుంది. నిలబెట్టిన స్కేలు ఇదే, మడిచిన డబ్బా అంచూ ఇదే. ఈ అంచులో కూడా ముందు చక్రం వెనుక ఒకచోట, వెనుక చక్రం ముందు ఒకచోట, లోపలి వైపున అదనపు రేకు వేసి బలపరుస్తారు. ఆ చోటు తెలియడానికి అంచులో జంటగా రెండు గాట్లు గాని, గడప మీద బాణం గుర్తు గాని పెడతారు. ఆ రెండు గాట్ల నడుమనే జాకీ తల ఆనాలి. అటూ ఇటూ నాలుగు చోట్లు. అంత పెద్ద కారుకు జాకీ పెట్టే చోట్లు సాధారణంగా ఆ నాలుగే! కారుతో వచ్చే పుస్తకంలో వాటి బొమ్మ ఉంటుంది. ఆ పుస్తకం ఎక్కువ కార్లలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పెట్టెలోనే ఉండిపోతుంది, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. నిలబెట్టిన స్కేలును పక్కకు పడకుండా పట్టుకోమన్నాను కదా. వదిలేసి నొక్కితే ఏమవుతుంది? ఒక పక్కకు వాలిపోతుంది. కారు అంచుకూ అదే ప్రమాదం. అందుకే కారుతోపాటు వచ్చిన జాకీ తలమీద ఒక గాడి ఉంటుంది. అంచు ఆ గాడిలో దిగి కూర్చోవాలి. అప్పుడు అంచు పక్కకు వంగదు, బరువు గడప పెట్టెకు చేరుతుంది. గాడి లేని చదును తల జాకీని నేరుగా అంచుకు ఆనిస్తే అంచు మడతపడిపోతుంది. మంచి వర్క్‌షాపుల్లో జాకీ తలమీద గాటు ఉన్న రబ్బరు దిమ్మ పెట్టి మరీ ఎత్తుతారు. ఏ పాత కారు కిందనైనా ఒంగి చూడండి, ఈ అంచు వంకర టింకరగా నలిగి ఉంటే, గాడి సంగతి ఎవరో పట్టించుకోలేదని అర్థం.

అన్ని బండ్లూ ఇలాగే ఉండవు. లారీకి, జీపుకు, బొలేరో వంటి బండికి కింద నిచ్చెన ఆకారంలో ఇనుప చట్రం వేరే ఉంటుంది. దాన్నే ఛాసిస్ అంటారు. బరువు మోసేది ఆ నిచ్చెన, పైన ఉన్న బాడీ దానిమీద కూర్చునే పెట్టె మాత్రమే. అటువంటి బండ్లకు జాకీని ఇరుసు కింద గాని, చట్రం కింద గాని పుస్తకంలో చూపిన చోట పెడతారు. కార్లలో మాత్రం చట్రం, బాడీ ఒక్కటే అయిపోయాయి. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరు కారు చూడడానికి ఏనుగులాగా ఉన్నా, దానికీ విడి చట్రం లేదు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 కూడా అంతే. అందుచేత జీపుకు జాకీ పెట్టడం వచ్చినవాడు ఆ అలవాటుతోనే కారుకు పెడితే తప్పవుతుంది. ఇక ఇప్పటి విద్యుత్ కార్లలో చాలావాటికి బ్యాటరీ అడుగు భాగమంతా పరిచినట్టు ఉంటుంది. జాకీని దానికి ఆనించడం సొట్టతో పోయే తప్పు కాదు. బ్యాటరీ చెడితే నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉన్నది.

ఇదే సూత్రం మీకు జాతీయ రహదారి మీద రోజూ కనిపిస్తుంది. కావలి, నెల్లూరు, గూడూరుల మీదుగా చెన్నై వైపు పోయే కంటెయినర్ లారీలను చూడండి. ఆ పెట్టె గోడ రేకు సుమారు 2 మిల్లీమీటర్లే. దానికి బలం రావడానికి ముడతలు ముడతలుగా వంచి ఉంటారు. ఎనిమిది మూలల్లోనూ రంధ్రాలున్న గట్టి ఉక్కు దిమ్మలుంటాయి. రేవులో క్రేను ఆ పెట్టెను పట్టి ఎత్తేది ఆ మూలలతోనే. 20, 30 టన్నుల సరుకు ఉన్నా మూలలు మోస్తాయి. గోడ మధ్యలో కొక్కెం వేసి లాగితే రేకు చిరిగిపోతుంది.

ఉప్పుగాలి

సముద్రం దగ్గర ఉన్నవాళ్ళకు ఇంకొక బాధ ఎక్కువ. జాకీ ఆనిన చోట రంగు గీసుకుపోతుంది. ఆ గీతలో ఇనుము గాలికి, తేమకు బయటపడుతుంది. ఇనుము తుప్పు పట్టడానికి ఆక్సిజను, నీరు రెండూ కావాలని మీకు తెలుసు. నీటిలో ఉప్పు కలిస్తే ఆ నీటిలో విద్యుత్తు మరింత సులభంగా ప్రవహిస్తుంది, తుప్పు కూడా మరింత వేగంగా పడుతుంది, ఎందుకంటే తుప్పు పట్టడం ఒక విద్యుత్ రసాయన చర్య. తుప్పుకు ఇనుముకన్న ఎక్కువ చోటు కావాలి. అందువల్ల అతుకు లోపల పుట్టిన తుప్పు ఉబ్బి, కలిపి ఉన్న రేకులను విడదీస్తుంది. పైగా గడప పెట్టె బోలుగా ఉంటుందన్నాను. లోపలికి చేరిన నీరు పోవడానికి దానికి అడుగున చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి ఇసుకతోనో బురదతోనో మూసుకుపోతే ఉప్పునీరు లోపలే నిలుస్తుంది. బయటికి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల రేకు పొరలు పొరలుగా రాలిపోతూ ఉంటుంది. అలాంటి కారుకు సరైన చోటే జాకీ పెట్టినా, జాకీ తల గడపను చీల్చుకుని లోపలికి పోవచ్చు. తీరం వెంట ఊళ్ళలో తిరిగే పాత కారును ఎత్తేముందు ఆ చోటును పానాతో మెల్లగా తట్టి చూడాలి. గట్టి రేకు ఖంగుమంటుంది. తిన్న రేకు డొల్లగా పలుకుతుంది, పెచ్చులు రాలుతాయి. జాకీ పని అయిన తరువాత గీసుకుపోయిన చోట కాస్త రంగు పూస్తే ఖర్చు పెద్దగా ఉండదు. పూసేవాళ్ళను నేను అరుదుగా చూశాను.

ఇసుక మీద జాకీ

ఇప్పుడు జాకీ పాదం సంగతి. కారుతో వచ్చే జాకీ అడుగు పళ్ళెం 10 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నదనుకోండి. వైశాల్యం 80 చదరపు సెంటీమీటర్లు. జాకీ మీద 300 కిలోల బరువు పడిందనుకుంటే, ప్రతి చదరపు సెంటీమీటరు నేల మీదా సుమారు 3.75 కిలోల బరువు పడుతుంది. 60 కిలోల మనిషి రెండు పాదాలమీద నిలబడితే ఎంత? రెండు పాదాలూ కలిపి 300 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే 0.2 కిలోలే. ఆ మాత్రం పీడనానికే పొడి ఇసుకలో మన పాదం దిగబడుతుంది. దానికి 18 రెట్లకు పైగా పీడనం పెడితే జాకీ దిగబడదా?

30 సెంటీమీటర్ల చదరపు చెక్క పలక ఒకటి జాకీ కింద పెట్టండి. వైశాల్యం 900 చదరపు సెంటీమీటర్లయింది, పీడనం 0.33 కిలోలకు పడిపోయింది. ఇంచుమించు మనిషి అడుగు బరువే! పలక మాత్రం అంగుళంన్నర మందమైనా ఉండాలి. పలచని చెక్క జాకీ కింద మధ్యలో వంగి, బరువును అంచులదాకా చేరనివ్వదు. ఇటుక అసలే పనికిరాదు, పెళుసుగా ఒక్కసారిగా పగులుతుంది. ఇసుకలోనే కాదు, మన తీరానికి ఎక్కువ వర్షం పడే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రోడ్డు పక్క మట్టి నానిపోయి ఉంటుంది. రోహిణీకార్తె ఎండలో అయితే తారే మెత్తబడుతుంది. అప్పుడు రోడ్డుమీద పెట్టినా కింద పలక అవసరమే.

తీరంలో నీటి అంచున తడి ఇసుక మీద నడిస్తే కాలు అంతగా దిగబడదు, గమనించారా? తడి ఇసుకలో రేణువుల మధ్య ఉన్న పలచని నీటి పొర వాటిని ఒకదానితో ఒకటి పట్టి ఉంచుతుంది. పొడి ఇసుకలో ఆ బంధం లేదు, రేణువులు పక్కకు జారిపోతాయి. పిల్లలు గూళ్ళు కట్టేది తడి ఇసుకతోనే కదా.

మైపాడులో కారు కింద పడిన తరువాత ఒక ముసలి మత్స్యకారుడు దగ్గరికి వచ్చాడు. పడవల దగ్గర పడి ఉన్న మందపాటి పలకను ఈడ్చుకొచ్చి డ్రైవరు ముందు పడేశాడు. "ఒట్టి ఇసకలో యాడ నిలబడద్ది అబ్బయా? ఈ పలక ఏసుకో" అన్నాడు. ఆయన పీడనం లెక్క కట్టి ఉండడు. రోజూ ఇసుకలో పడవలు లాగే చేతులకు ఆ లెక్క అక్కరలేదు.

"హ్యాండ్ బ్రేకు ఏసినాను సార్!"

కారు ఎందుకు కదిలిందని నేను అడిగితే డ్రైవరు ఇచ్చిన జవాబు అది. అతడు అబద్ధమాడలేదు. బ్రేకు వేసే ఉన్నది. అయితే చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు పట్టేది వెనుక రెండు చక్రాలనే. అందులో ఒకదాన్ని మనం గాలిలోకి ఎత్తేశాం. గాలిలో ఉన్న చక్రాన్ని బ్రేకు ఎంత గట్టిగా పట్టినా నేలతో దానికి ఘర్షణ లేదు, దానివల్ల కారు ఆగదు. ఇక మిగిలింది ఒకే చక్రం, అదీ ఇసుక మీద. దానికితోడు, ఎత్తి ఉన్న కారు మీద పానా పట్టుకుని బిగుసుకుపోయిన నట్లను అటూ ఇటూ లాగుతున్నాడు. ప్రతి లాగుకూ కారు ఊగింది.

గేరులో పెడితే సరిపోతుందా? ఈ ప్రశ్న పదో తరగతి పిల్లలను అడిగితే సగంమంది ఔనంటారు. ఇంజను తిప్పే చక్రాలు రెండూ నేలమీద ఉంటే కొంతవరకు నిజమే. వాటిలో ఒకదాన్ని ఎత్తితే మాత్రం కథ మారిపోతుంది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. అందుకు వీలుగా రెండు చక్రాలూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే పళ్ళచక్రాల అమరిక ఒకటి వాటి నడుమ ఉంటుంది. దాని పేరు డిఫరెన్షియల్. ఇంజను ఆగి, గేరులో ఉన్నప్పుడు రెండు చక్రాలనూ ఎత్తి, ఒకదాన్ని చేతితో ముందుకు తిప్పితే రెండవది వెనక్కు తిరుగుతుంది! ఎక్కడైనా మెకానిక్కు దగ్గర అవకాశం దొరికితే ఈ వింత చూడండి. ఇప్పుడు ఆలోచించండి. ఒక చక్రం నేలమీద, ఒకటి గాలిలో ఉన్నాయి. నేలమీది చక్రం ముందుకు దొర్లాలనుకుంటే గాలిలోనిది వెనక్కు తిరిగి దారి ఇస్తుంది. గేరు అడ్డుపడదు. హ్యాండ్ బ్రేకు అందని ముందు చక్రాలను ఇంజను తిప్పే కారులో, ముందు చక్రాన్ని ఎత్తినప్పుడు గేరును నమ్ముకోవడం ఇందుకే పొరపాటు. అప్పుడు ఆపేది వెనుక హ్యాండ్ బ్రేకు ఒక్కటే.

కాబట్టి బ్రేకు వేసి, గేరులో పెట్టి, ఆపైన ఎత్తే చక్రానికి మూలకు మూల ఎదురుగా ఉన్న చక్రానికి ముందూ వెనుకా అడ్డు వేయాలి. ఏటవాలుగా కోసిన చెక్కలు మేలు. లేకపోతే దొర్లిపోని పెద్ద రాళ్ళు. వీలైతే ముందుగా కారును సమంగా ఉన్న గట్టి నేలకు తెచ్చుకోవాలి. గాలి పోయిన టైరు మీద పది గజాలు మెల్లగా నడిపితే టైరుకు కొంత నష్టం జరగవచ్చు, ఏటవాలులో ఎత్తడంకన్న అది నయం. కారులోని మనుషులందరూ దిగి, రోడ్డుకు దూరంగా నిలబడాలి. నట్లను చక్రం నేలమీద ఉండగానే ఒక్కొక్కటీ సగం చుట్టు వదులు చేయాలి. అప్పుడు నేల ఘర్షణే చక్రాన్ని తిరగకుండా పట్టుకుంటుంది, కారు ఊగే పనీ ఉండదు.

పెన్సిలుకు చుట్టిన కొండ

జాకీని మెచ్చుకోకుండా ఈ వ్యాసం ముగించలేను. కాగితాన్ని లంబకోణ త్రిభుజంగా కత్తిరించి పెన్సిలుకు చుట్టండి. ఏటవాలు అంచు మెట్లు మెట్లుగా చుట్టుకుంటూ పైకి పోతుంది. మర అంటే అదే: కడ్డీకి చుట్టిన వాలుతలం. ఒక చుట్టు తిప్పితే మర ముందుకు జరిగే దూరాన్ని మరభ్రమణాంతరం అంటారని స్క్రూగేజి పాఠంలో చదివారు. జాకీ మరకు అది 3 మిల్లీమీటర్లు అనుకోండి. మీరు తిప్పే పిడి 15 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే, ఒక చుట్టులో మీ చేయి దాదాపు 940 మిల్లీమీటర్లు ప్రయాణం చేస్తుంది. జాకీ చేతులు 45 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు ఆ చుట్టుకు కారు లేచేది 3 మిల్లీమీటర్లే. దూరంలో 300 రెట్లకు పైగా నష్టపోయాం, అందుకు బదులు బలంలో లాభం వస్తుంది. ఘర్షణే లేకపోతే 300 కిలోలను ఎత్తడానికి కిలో బరువంత బలం చాలు. ఘర్షణ ఉన్నది గనుక దానికి నాలుగైదు రెట్లు పెట్టవలసి వస్తుంది.

ఘర్షణను తిట్టుకోకండి. మనం చేసే పనిలో సగానికి పైగా మింగేస్తున్నది గనుకనే, చేయి వదిలేసినా మర తనంతట తాను వెనక్కు తిరగదు. సగంకన్న ఎక్కువ పని బరువును ఎత్తడానికే పోయే నున్నని మర అయితే, చేయి తీయగానే గిర్రున తిరిగి కారును దించేస్తుంది.

ఇలా మడతపడే చేతులున్న జాకీని మొదట తిప్పేటప్పుడు కష్టంగానూ, పైకిపోయేకొద్దీ తేలికగానూ ఉంటుంది. చేతులు దాదాపు పడుకుని ఉన్నప్పుడు ఒక చుట్టుకు తల ఎక్కువ ఎత్తు లేస్తుంది, అందుకే ఎక్కువ బలం కావాలి. మరొకటి: గడప లేస్తున్నా చక్రం చాలాసేపు నేలను వదలదు. స్ప్రింగులు నొక్కుకుపోయి ఉన్నాయి కదా, ముందు అవి సాగుతాయి. ఆ తరువాతే చక్రం లేస్తుంది.

లారీల దగ్గర కనిపించే సీసా ఆకారపు జాకీలో మర చేసే పనిని నూనె చేస్తుంది. పాస్కల్ సూత్రం మీకు తెలిసినదే. దానిలో నూనెను ఆపేది ఒక చిన్న వాషరు, ఒక కవాటం. అవి అరిగితే జాకీ చప్పుడు లేకుండా మెల్లమెల్లగా దిగిపోతుంది.

మరది గాని నూనెది గాని, జాకీ ఎత్తడానికే, మోస్తూ ఉండడానికి కాదు. ఇందుకు ఇంకొక కారణం కూడా ఉన్నది. కారు ఒక పక్క లేచేటప్పుడు నిట్టనిలువుగా లేవదు. అవతలి చక్రాలు నేలను తాకే చోటు కీలులాగా పనిచేస్తుంది, ఇవతలి గడప తలుపు అంచులాగా వృత్తచాపంలో తిరుగుతూ లేస్తుంది. 20 సెంటీమీటర్లు లేచేసరికి మూడు నాలుగు సెంటీమీటర్లు లోపలికి కూడా జరుగుతుంది. జాకీ పాదం కదలదు, తల మాత్రం కారుతోపాటు లోపలికి పోతుంది. మొదట నిటారుగా ఉన్న జాకీ చివరికి ఒరుగుతుంది. అందుకే టైరు నేలను వదలగానే ఒకసారి ఆగి, దూరంగా నిలబడి జాకీని పక్కనుంచి చూడాలి. ఒరిగి ఉంటే దించి, సరిచేసి, మళ్ళీ ఎత్తాలి. అవసరానికి మించి వేలెడు కూడా ఎత్తకూడదు. గాలి నిండిన చక్రం పెద్దది గనుక దానికి పట్టేటంత చోటు చాలు.

జాకీ మీద ఉన్న కారు కిందికి చేయి, కాలు, తల ఏదీ పోకూడదు. నట్టు పడితే పడింది, కర్రతో లాగండి. మెకానిక్కులు కారు కింద పని చేయవలసి వచ్చినప్పుడు జాకీతో ఎత్తి, బలమైన చోట్ల ఇనుప స్టాండ్లు పెట్టి, బరువును వాటిమీదికి దించి, ఊపి చూసి, అప్పుడు దూరతారు. రోడ్డుమీద స్టాండ్లు ఉండవు. అనుభవమున్న డ్రైవర్లు స్టెప్నీ చక్రాన్ని తీయగానే జాకీ పక్కన గడప కిందికి పడుకోబెట్టి తోస్తారు. పాత చక్రాన్ని ఊడదీసిన తరువాత దాన్ని కిందికి తోసి స్టెప్నీని తీసి బిగిస్తారు. జాకీ జారినా కారు చక్రం మీద ఆగుతుంది. మీరు ఇంట్లో ఈ పని నేర్చుకోవాలనుకుంటే పని తెలిసిన పెద్దవాళ్ళ పక్కన ఉండే నేర్చుకోండి. మొదటిరోజు మీ పని జాకీ పెట్టే చోట్లు నాలుగూ వెతకడం, చక్రాలకు అడ్డు వేయడం.

మైపాడులో రెండోసారి అన్నీ సరిగా జరిగాయి. నలుగురం కలిసి కారును గట్టినేల మీదికి తోశాం. ముందు కుడి చక్రానికి రెండు రాళ్ళు వేశాం. జాకీ కింద మత్స్యకారుడి పలక. గాట్లు వెతికితే ఇసుక, మట్టి పట్టి కనిపించలేదు, ఆ అబ్బాయే వేలితో తుడిచి కనిపెట్టాడు. నట్లను ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించమని డ్రైవరుకు చెప్పాను. అలా బిగిస్తే చక్రం వంకర లేకుండా సమంగా కూర్చుంటుంది. కారు దించిన తరువాత మళ్ళీ ఒకసారి గట్టిగా బిగించాడు. పలక తిరిగి పడవల దగ్గరికి పోయింది.

అంతా అయినాక చూస్తే స్టెప్నీలో సగం గాలే ఉన్నది. ఎంతకాలంగా చూడలేదో! ఇందుకూరుపేటలో గాలి పట్టించే దుకాణం దాకా కారును నడకలాగా నడిపించుకుంటూ వెళ్ళారు.